నిలబడి పనిచేస్తే నిజంగా మేలేనా? స్టాండింగ్ డెస్క్, ట్రెడ్‌మిల్ డెస్క్‌ల అసలు లెక్క

చెన్నై తొరైపాక్కంలో ఉన్న మా ఇంటికి పోయిన నెల ఒక కొత్త బల్ల వచ్చింది. మా తమ్ముడు ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మీద ఒక ఐటీ కంపెనీలో చేస్తాడు, వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని. ఒక బటన్ నొక్కితే బల్ల పైకి లేస్తుంది, ఇంకోటి నొక్కితే దిగుతుంది. ఆ ఆదివారం రాత్రి మా పెద్దమ్మ కూతురు వచ్చింది. తను టీ నగర్‌లో ఒక చీరల షాపులో సేల్స్‌లో ఉంది. నెల్లూరు, ఒంగోలు, తిరుపతి నుంచి పెళ్లి బట్టలకి వచ్చేవాళ్లతో తెలుగులో మాట్లాడటానికి అలాంటి షాపుల్లో మనవాళ్లని పెట్టుకుంటారు. వస్తూనే గోడకి చేరగిలబడి కాళ్లు చాపుకుంది. పాదాల మీద చెప్పుల పట్టీల అచ్చులు లోతుగా దిగి ఉన్నాయి.

"రోజంతా కూర్చుంటే నడుము పట్టేస్తోందక్కా, నిలబడి పనిచేద్దామని కొన్నాను" అన్నాడు తమ్ముడు.

"రోజంతా నిలబడి నా కాళ్లు వాచిపోతున్నాయి కదరా" అంది అక్క.

ఇద్దరు చెప్పిందీ నిజమే. మరి ఒకరికి జబ్బు తెచ్చేది ఇంకొకరికి మందు ఎలా అవుతుంది? కూర్చోవడం సిగరెట్టంత చెడ్డదని కొన్నేళ్లు విన్నాం. ఆ తర్వాత 2024లో, నిలబడటం వల్ల గుండెకి లాభం లేదని వార్తలొచ్చాయి. ఈ గందరగోళం విప్పాలంటే మొదట మాటల దగ్గర స్పష్టత కావాలి.

"కూర్చోవడం" అని పరిశోధకులు దేన్ని అంటారు?

శరీరం ఎంత శక్తి ఖర్చు చేస్తోందో కొలవడానికి మెట్ అనే కొలమానం ఉంది. ఏ పనీ చేయకుండా ఊరికే కూర్చున్న మనిషి ఖర్చు 1 మెట్. సుమారుగా చెప్పాలంటే, కిలో బరువుకు గంటకు ఒక కేలరీ. మెలకువగా ఉండి, కూర్చునో పడుకునో, 1.5 మెట్ లేదా అంతకంటే తక్కువ ఖర్చుతో గడిపే సమయాన్నే కదలిక లేని సమయంగా లెక్కిస్తారు. కంప్యూటర్ ముందు పని 1.3 దగ్గర ఉంటుంది. మెల్లగా నడిస్తే 2 దగ్గరికి వస్తుంది.

ఇక బల్లలు. ఎప్పుడూ నిలబడే ఎత్తులో ఉండేది స్టాండింగ్ డెస్క్. ఎత్తు మార్చుకునేది సిట్-స్టాండ్ డెస్క్. దుకాణాల్లో రెండింటినీ ఒకే పేరుతో అమ్ముతారు కానీ ఆరోగ్యం లెక్కలో వాటి మధ్య చాలా తేడా ఉంది. అదేమిటో ముందుకి వెళ్లేకొద్దీ తెలుస్తుంది. ఎత్తైన బల్ల కింద నెమ్మదిగా తిరిగే బెల్టు పెడితే అది ట్రెడ్‌మిల్ డెస్క్. ఆ బెల్టును విడిగా వాకింగ్ ప్యాడ్ అని కూడా అమ్ముతున్నారు. దాని మీద గంటకు 1.5 నుంచి 3 కిలోమీటర్ల వేగంతో నడుస్తూ పనిచేస్తారు.

లండన్ బస్సుల్లో మొదలైన అనుమానం

కూర్చునే పనికీ గుండె జబ్బుకీ సంబంధం ఉండొచ్చని గట్టిగా చూపించిన మొదటి పరిశోధన 1953లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. జెర్రీ మోరిస్ బృందం లండన్ డబుల్ డెక్కర్ బస్సుల డ్రైవర్లను, కండక్టర్లను పోల్చింది. డ్రైవర్ షిఫ్టంతా సీట్లోనే ఉంటాడు. కండక్టర్ టికెట్లు కొడుతూ రోజంతా మెట్లెక్కి దిగుతుంటాడు. గుండె జబ్బు కండక్టర్లలో తక్కువగా కనిపించింది. ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోవాలి. ఆ కండక్టర్లు ఊరికే నిలబడ్డవాళ్లు కాదు, మెట్లెక్కినవాళ్లు. మన చెన్నై సిటీ బస్సుల్లో కండక్టర్ చాలాసార్లు వెనక తలుపు దగ్గర సీట్లో కూర్చునే టికెట్లిస్తాడు. అదే పరిశోధన ఇక్కడ చేసి ఉంటే ఫలితం అలాగే వచ్చేదని నేననుకోను.

మోరిస్ అక్కడితో ఆగలేదు. 1956లో అదే బృందం ఆ ఉద్యోగులకు ఇచ్చిన యూనిఫాంల కొలతలు బయటికి తీసింది. డ్రైవర్ల ప్యాంట్ల నడుము కొలత కండక్టర్లకంటే ఎక్కువ, అదీ ఉద్యోగంలో చేరినప్పటి నుంచే. అంటే డ్రైవర్ సీటు వాళ్ల ఆరోగ్యాన్ని పాడుచేసిందా, లేక ముందే కాస్త లావుగా ఉన్నవాళ్లు డ్రైవర్ పనిలోకి వెళ్లారా? ఇలాంటి పరిశోధనలన్నింటినీ ఈ ప్రశ్న ఇప్పటికీ వదల్లేదు. "కూర్చునేవాళ్లకి ఫలానా జబ్బు ఎక్కువ" అనే వార్త కనిపించిన ప్రతిసారీ నాకు ఆ ప్యాంట్ల కొలతలే గుర్తొస్తాయి.

సిగరెట్టుతో పోలిక ఎంతవరకు నిలుస్తుంది?

అమెరికాలో మేయో క్లినిక్‌కి చెందిన జేమ్స్ లెవీన్ 1999లో 16 మంది వాలంటీర్లకు 8 వారాల పాటు రోజుకి 1,000 కేలరీలు అదనంగా తినిపించాడు. అందరూ ఎక్కువ తిన్నది అంతే. అయినా ఒకరికి అరకిలో కొవ్వు కూడా చేరలేదు, ఇంకొకరికి 4 కిలోలు దాటింది. ఈ తేడాకి ప్రధాన కారణం వ్యాయామం కాదు. లేవడం, అటూ ఇటూ తిరగడం, కూర్చున్న చోటే కుదురుగా ఉండకపోవడం లాంటి చిన్న కదలికలు. 2005లో ఆయన బృందం సన్నగా ఉన్న 10 మందిని, ఊబకాయం ఉన్న 10 మందిని గమనించింది. రెండో జట్టు రోజుకి సగటున 2 గంటలు ఎక్కువ కూర్చుంటోందని తేలింది. ట్రెడ్‌మిల్ డెస్క్‌కి పేరు తెచ్చింది కూడా లెవీనే.

సిగరెట్టు పోలిక ఈ దశలోనే జనంలోకి వెళ్లింది. దాన్ని ఉన్నదున్నట్టు తీసుకోకూడదు. పొగ తాగడం వల్ల వచ్చే ప్రమాదం ఎన్నో రెట్లు ఎక్కువ. పైగా పొగ పూర్తిగా మానేయొచ్చు, కూర్చోవడం మానేయలేం. ఆ నినాదం జనాన్ని మేల్కొలిపిన మాట నిజం. కానీ దానికి భయపడి రోజంతా కుర్చీ ముట్టకుండా నిలబడేవాళ్లని కూడా తయారుచేసింది. నాకు బాధ కలిగించేది అదే.

నాలుగు గంటలు నిలబడితే ఎన్ని కేలరీలు?

బరువు తగ్గాలని స్టాండింగ్ డెస్క్ కొనేవాళ్లు చాలామంది, కాబట్టి ఈ లెక్క వేసి చూడాల్సిందే. 2018లో 46 పరిశోధనలను కలిపి విశ్లేషిస్తే, కూర్చోవడానికీ నిలబడటానికీ మధ్య తేడా నిమిషానికి సగటున 0.15 కేలరీలు అని తేలింది. మా తమ్ముడు రోజుకి 4 గంటలు, అంటే 240 నిమిషాలు నిలబడ్డాడనుకుందాం. 240ని 0.15తో గుణిస్తే 36 కేలరీలు. ఒక టంబ్లర్ ఫిల్టర్ కాఫీలో వేసే రెండు చెంచాల పంచదార దాదాపు అంతే.

ఇదే లెక్కని ఇంకో వైపు నుంచి చూసేవాళ్లున్నారు, వాళ్ల వాదన కూడా వినాలి. ఏడాదికి 250 పనిదినాలైతే 36 చొప్పున 9,000 కేలరీలు. కిలో కొవ్వుకు సుమారు 7,700 అనుకుంటే ఏడాదిలో కిలోకి పైగా తగ్గాలి. కాగితం మీద తప్పు లేదు. కాకపోతే ఆ ఏడాదంతా తిండి ఒక్క ముద్ద కూడా పెరగకూడదు, సాయంత్రం నడక తగ్గకూడదు. కాళ్లు అలసిపోయిన రోజున "ఇవాళ చాల్లే" అని నడక మానేసేవాళ్లకి ఆ 36 కేలరీలు అక్కడే పోతాయి.

నడక లెక్క వేరు. 60 కిలోల మనిషి గంటసేపు కూర్చుని పనిచేస్తే 1.3 మెట్, మెల్లగా నడుస్తూ చేస్తే 2 మెట్. తేడా 0.7ని 60తో గుణిస్తే గంటకు 42 కేలరీలు. నిలబడితే వచ్చేది గంటకు 9 మాత్రమే. బరువు ఎక్కువున్నవాళ్లకి నడకలో ఈ తేడా ఇంకా పెరుగుతుంది.

మనవాళ్లకి ముఖ్యమైనది చక్కెర

నా దృష్టిలో కేలరీలకంటే పెద్ద విషయం ఇది. చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్)తో కలిసి చేసిన సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని, అంటే పెద్దల్లో 11.4 శాతమని అంచనా. మన ఇళ్లల్లో ఏ చుట్టాన్ని తీసుకున్నా ఒకరికైనా షుగర్ ఉంటుంది.

భోజనం తర్వాత రక్తంలోకి వచ్చిన చక్కెరను ఎక్కువగా వాడుకునేవి కండరాలు. కండరం ముడుచుకుని సాగుతున్నప్పుడు, ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే చక్కెరను లోపలికి లాక్కోగలదు. కాళ్లవి, తొడలవి ఒంట్లో పెద్ద కండరాలు. మధ్యాహ్నం సాంబారన్నం తిని మూడు గంటలు కుర్చీలో ఉంటే అవే ఖాళీగా ఉంటాయి.

2012లో ఆస్ట్రేలియాలో డేవిడ్ డన్‌స్టన్ బృందం, బరువెక్కువున్న 19 మంది మీద దీన్ని పరీక్షించింది. చక్కెర పానీయం తాగించాక, ప్రతి 20 నిమిషాలకు 2 నిమిషాలు మెల్లగా నడిపించారు. ఊరికే కూర్చున్న రోజుతో పోలిస్తే, చక్కెర పెరుగుదల సుమారు 24 శాతం తగ్గింది. మరి నిలబడితే? ఇక్కడ సాక్ష్యం రెండు వైపులా ఉంది. పదేసి మందితో చేసిన రెండు చిన్న పరిశోధనల్లో, ఒకటి మధ్యాహ్నం భోజనం తర్వాత మూడు గంటలు నిలబడి పనిచేస్తే చక్కెర బాగా తగ్గిందంది. ఇంకోటి 20 నిమిషాలకోసారి 2 నిమిషాలు నిలబడితే తేడా ఏమీ రాలేదని, నడిస్తేనే వచ్చిందని చెప్పింది. మొత్తమ్మీద మొగ్గు నడక వైపే. అయితే ఇవన్నీ కొన్ని గంటల కొలతలు. ఇలా ఏళ్ల తరబడి చేస్తే మధుమేహమే రాదని వీటి నుంచి తేల్చలేం.

అక్క కాళ్లెందుకు వాస్తాయి?

గుండె కింది నుంచి రక్తం పైకి రావాలంటే పిక్కలు పనిచేయాలి. అడుగు వేసిన ప్రతిసారీ పిక్క కండరం సిరలను నొక్కి రక్తాన్ని పైకి తోస్తుంది. కదలకుండా నిలబడితే ఆ తోపుడు ఉండదు, రక్తం కాళ్లలోనే నిలిచిపోతుంది. వాపు, తిమ్మిరి, కొన్నేళ్లకి సిరలు ఉబ్బి మెలికలు తిరగడం, అదే వేరికోస్ వెయిన్స్, ఇవన్నీ ఆ దారిలో వచ్చేవే.

కెనడాలోని ఆంటారియోలో 7,000 మందికి పైగా ఉద్యోగులను 12 ఏళ్లు గమనించిన పరిశోధన 2018లో వచ్చింది. ఎక్కువగా నిలబడే పనుల్లో ఉన్నవాళ్లకి గుండె జబ్బు, ఎక్కువగా కూర్చునే పనుల్లో ఉన్నవాళ్లకంటే సుమారు రెండింతలు కనిపించింది. 2024 వార్తలకి మూలం బ్రిటన్‌లో 83,013 మంది కదలికలను పరికరాలతో నమోదు చేసిన అధ్యయనం. అందులో ఎక్కువసేపు నిలబడటం వల్ల గుండె జబ్బు, పక్షవాతం ముప్పు తగ్గలేదు. రోజుకి 2 గంటలు దాటాక, నిలబడే ప్రతి అదనపు అరగంటకు వేరికోస్ వెయిన్స్ లాంటి రక్తప్రసరణ సమస్యల ముప్పు 11 శాతం చొప్పున పెరిగింది. అదే అధ్యయనంలో 10 గంటలకి మించి కూర్చోవడం కూడా చెడ్డదనే తేలింది. చాలా వార్తల్లో ఈ ముక్క వదిలేశారు.

2015లో నిపుణుల బృందం ఒకటి, కూర్చుని చేసే ఉద్యోగులు పని వేళల్లో 2 గంటలతో మొదలుపెట్టి 4 గంటల వరకు నిలబడటం, మెల్లగా నడవడం అలవాటు చేసుకోవాలంది. 2024 అధ్యయనం దీన్ని కొట్టేసినట్టేనా? కొంతవరకే. నిపుణులు చెప్పింది ముక్కలు ముక్కలుగా లేచి కదలడం గురించి. బ్రిటన్ అధ్యయనంలో సమస్య తెచ్చింది కదలకుండా నిలబడటం. స్టాండింగ్ డెస్క్‌కీ, ఎత్తు మారే బల్లకీ తేడా ఇక్కడే తెలుస్తుంది. మొదటిది ఒక కదలని భంగిమ తీసేసి ఇంకో కదలని భంగిమ ఇస్తుంది. రెండోది మారే వీలు ఇస్తుంది.

ఈ వీలు కోసమే దుకాణాల్లో నిలబడి పనిచేసేవాళ్లు పోరాడాల్సి వచ్చింది. కేరళలో బట్టల దుకాణాల మహిళలు ఏళ్ల తరబడి చేసిన ఆందోళన తర్వాత 2018లో అక్కడ చట్టం మార్చారు. తమిళనాడు 2021లో తన దుకాణాల చట్టంలో 22-ఎ సెక్షన్ చేర్చింది. పని మధ్యలో వీలు దొరికినప్పుడు కూర్చోవడానికి ప్రతి సంస్థా సీట్లు ఏర్పాటు చేయాలని దాని సారాంశం. ఫ్యాక్టరీల్లో నిలబడి పనిచేసేవాళ్లకి 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్ ఈ సౌకర్యం ఎప్పుడో ఇచ్చింది. దుకాణాల్లో వాళ్లకి రావడానికి ఇంకో 73 ఏళ్లు పట్టింది. ఓఎంఆర్‌లో లేచి నిలబడటానికి వేల రూపాయలు పెట్టే తమ్ముడూ, టీ నగర్‌లో ఒక స్టూలు కోసం చట్టం దాకా వెళ్లాల్సిన అక్కా అడుగుతున్నది ఒకటే. ఒళ్లు చెప్పినప్పుడు భంగిమ మార్చుకునే వీలు.

నడుస్తూ చదవొచ్చా?

మనవాళ్లకి ఇది కొత్తేం కాదు. పరీక్షలప్పుడు డాబా మీద పుస్తకం పట్టుకుని అటూ ఇటూ తిరుగుతూ పద్యాలూ ఎక్కాలూ బట్టీపట్టిన తరం మనది. అయితే అక్కడ చేతులతో చేసే పని లేదు. తేడా అంతా అక్కడే ఉంది.

2015లో అమెరికాలో 75 మందితో చేసిన పరిశోధనలో, గంటకు సుమారు 2.4 కిలోమీటర్ల వేగంతో నడుస్తూ పనిచేసినవాళ్ల టైపింగ్ వేగం కూర్చున్నవాళ్లకంటే బాగా తగ్గింది. ఏకాగ్రత పరీక్షల్లో కూడా కాస్త వెనకబడ్డారు. మాంట్రియల్‌లో 18 మందితో చేసిన చిన్న పరిశోధనలో మాత్రం, నడుస్తూ చదివినవాళ్లు ఆ తర్వాత కూర్చుని పరీక్ష రాసినప్పుడు చదివింది ఎక్కువ గుర్తుపెట్టుకున్నారు. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవు. చదవడం, వినడం, వీడియో పాఠం చూడటం నడకతో కుదురుతాయి. కోడ్ రాయడం, ఎక్సెల్ షీట్లో చిన్న గడి మీద మౌస్ పెట్టడం, సీఏ విద్యార్థి అకౌంట్స్ లెక్కలు చేతితో చేయడం కుదరవు.

టెక్సస్‌లో ఒక కాల్ సెంటర్‌లో, ఎత్తు మారే బల్లలున్న ఉద్యోగుల ఉత్పాదకత ఆరు నెలల్లో సుమారు 45 శాతం ఎక్కువగా నమోదైందని 2016లో వచ్చింది. అమ్మేవాళ్లు దీన్ని బాగా వాడుకుంటారు. అది ఫోన్లో మాట్లాడే పని, పైగా ఎవరికి ఏ బల్ల ఇవ్వాలో లాటరీ తీసి పంచింది కాదు. ఆ అంకెను అన్ని ఉద్యోగాలకీ అంటగట్టకూడదు.

వ్యాయామం చేస్తే సరిపోదా?

2016లో లాన్సెట్‌లో పది లక్షల మందికి పైగా సమాచారంతో ఒక విశ్లేషణ వచ్చింది. రోజుకి 8 గంటలకి పైగా కూర్చున్నా, 60 నుంచి 75 నిమిషాలు చురుగ్గా నడవడం లాంటి శ్రమ చేసేవాళ్లలో, కూర్చోవడం వల్ల పెరిగే మరణ ముప్పు కనిపించలేదు. దీన్ని చూపించి, బల్లలకి డబ్బు తగలేయకుండా బీచ్‌లో నడవండి అనేవాళ్లున్నారు. వాళ్ల మాటలో బలం ఉంది. కానీ తొమ్మిది గంటల ఉద్యోగం, ఓఎంఆర్ ట్రాఫిక్ అయ్యాక రోజూ గంటకి పైగా నడిచేవాళ్లు ఎంతమంది? ఆ గంట దొరకని వాళ్లకే పని మధ్యలో కదలిక ఎక్కువ అవసరం.

కదలిక అంటే నిలబడటమే కానక్కర్లేదు. టాంజానియాలోని హడ్జా తెగవాళ్లు రోజుకి దాదాపు 10 గంటలు విశ్రాంతిగానే ఉంటారని 2020లో కొలిచారు. అయినా వాళ్లలో మన గుండె జబ్బుల్లాంటివి అరుదు. బాగా నడుస్తారు, అదొకటి. ఆ విశ్రాంతిలో కూడా కొంత భాగం గొంతుక్కూర్చుని ఉంటారు, అప్పుడు కాళ్ల కండరాలు పనిచేస్తూనే ఉంటాయి. నేల మీద కూర్చుని లేచే మన పాత అలవాటుకి ఇది దగ్గరగా ఉందనిపిస్తుంది.

బల్ల కొన్నాక ఏం జరుగుతుంది?

బ్రిటన్‌లో 756 మంది స్థానిక కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటిది) ఉద్యోగులను మూడు జట్లుగా విడదీసి ఏడాదిపాటు చూశారు, ఫలితం 2022లో వచ్చింది. అవగాహన, గుర్తుచేయడం లాంటివి మాత్రమే అందుకున్న జట్టు, మామూలుగా వదిలేసిన జట్టుకంటే రోజుకి 22 నిమిషాలు తక్కువ కూర్చుంది. వాటితో పాటు ఎత్తు మారే బల్ల కూడా ఇచ్చిన జట్టు 64 నిమిషాలు తక్కువ కూర్చుంది. అంటే బల్లకి ప్రభావం ఉంది, పక్కన గుర్తుచేసే ఏర్పాటు ఉన్నప్పుడు.

ఇంకో చిక్కు ఎత్తుది. నిలబడినప్పుడు మోచేయి ఎత్తు సుమారుగా మనిషి ఎత్తులో 63 శాతం ఉంటుంది. 170 సెంటీమీటర్ల తమ్ముడికి 107, 155 సెంటీమీటర్ల అక్కకి 98. కీబోర్డ్ ఆ ఎత్తులో ఉంటేనే భుజాలు బిగుసుకోవు. స్క్రీన్ పై అంచు కంటి ఎత్తులో ఉంటే మెడ వంగదు. ల్యాప్‌టాప్‌లో రెండూ అతుక్కుని ఉంటాయి కాబట్టి, విడి కీబోర్డ్ లేకపోతే చేతికి సరిపెట్టుకుంటే మెడకి సరిపోదు, మెడకి సరిపెట్టుకుంటే చేతికి సరిపోదు. కొందరు వంటగది గట్టు మీద ల్యాప్‌టాప్ పెట్టి నిలబడతారు. ఆ గట్టు మామూలుగా 85 సెంటీమీటర్లు, తమ్ముడికి జానెడు తక్కువ. అలా వంగి నిలబడితే నడుము నొప్పి పోదు, ఎక్కువవుతుంది.

తమ్ముడు మొదటి వారం బల్లని పైనే ఉంచేసి మడమల నొప్పి తెచ్చుకున్నాడు. ఇప్పుడు కోడ్ రాసేటప్పుడు కూర్చుంటాడు, మీటింగ్ కాల్స్ వస్తే బల్ల లేపుతాడు, భోజనం కాగానే పది నిమిషాలు కిందికెళ్లి అపార్ట్‌మెంట్ చుట్టూ తిరుగుతాడు. అక్క పనిచేసే షాపులో చట్టం వచ్చాక స్టూళ్లు వేశారు, తన సెక్షన్లో నలుగురికి ఒకటి. కస్టమర్లు లేనప్పుడు పది నిమిషాల చొప్పున వంతులేసుకుంటారట. ముహూర్తాల రోజుల్లో మాత్రం ఎవరి వంతూ రాదంది.